తుమ్మి మొక్క – మన పేరు

తుమ్మి మొక్కను చూచి దాని పేరు చెప్పలేని తెలుగు విద్యార్థి యుండరాదని మా అభిప్రాయము. ఇది చిన్న మాటగా తోచవచ్చును. కాని తెలుగులో చదివిన పిల్లలకు శాస్త్రము పట్టుబడునా యని సందేహించు తల్లిదండ్రులకు ఈ మొక్కయే తగిన సమాధానము చెప్పగలదు.

వానలు పడిన పిదప పొలముల గట్లమీదను, బాటల ప్రక్కలను జానెడు మొదలు మూరెడు ఎత్తువరకు పెరుగు మొక్క తుమ్మి. దాని కాండమును వ్రేళ్ల నడుమ త్రిప్పి చూచిన నాలుగు పలకలు తగులును. ఆకులు జతలుగా ఎదురెదురుగ నుండును. ఒక జత తూర్పు పడమరలకు సాగినచో, దానిపై జత ఉత్తర దక్షిణములకు సాగును. కణుపులయొద్ద తెల్లని పూలు కాండముచుట్టు గుత్తులుగా పూయును. పూవునకు రెండు పెదవులు. పైపెదవి నూగుగల చిన్న గొడుగువలె నుండును. క్రిందిపెదవి వెడల్పై చాచుకొనియుండును. ఆ గొడుగు క్రింద నాలుగు కేసరములు గలవు; వానిలో రెండు పొడవు, రెండు పొట్టి. తేనెటీగ క్రిందిపెదవిపై వ్రాలి, గొట్టము నడుగుననున్న తేనెకై తల దూర్చినపుడు పైనున్న పుప్పొడి దానికి అంటుకొనును. అది మరియొక పూవునకు పోయినపుడు అచ్చటి కీలాగ్రమునకు చేరును. పూవు రాలిన తరువాత లోపల నాలుగు చిన్న గింజలు నిలుచును. పలకల కాండము, ఎదురెదురు ఆకులు, నాలుగు గింజలు తులసికిని, పుదీనాకును గూడ గలవు. కావున శాస్త్రజ్ఞులు ఈ మూటిని లేమియేసి యను ఒకే కుటుంబమున చేర్చిరి.

ఇంతవరకు చెప్పిన దానిలో తెలుగున చెప్పరానిది ఏమున్నది?

ఇక పేరు సంగతి. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. ముదగల్‌లో నివసించు మన పిల్లలు కన్నడమును శ్రద్ధతో నేర్వవలెను. అందు సందేహము లేదు. కాని అందుకై తెలుగు పేరు మరువ పనిలేదు. మన తుమ్మిని కన్నడమున తుంబె యందురు. తమిళమున తుంబై, మలయాళమున తుంబ. ఒకటి తెలిసినవానికి తక్కినవి సులభముగ పట్టుబడును.

అయినను పేరును మాత్రమే నమ్మరాదు. తుమ్మ వేరు, తుమ్మి వేరు. నల్లతుమ్మ ముండ్లుగల పెద్ద చెట్టు. పసుపుపచ్చని బంతులవంటి పూలు పూయును. దానిని కన్నడమున జాలి యందురు. ఒక్క గుడి తప్పినచో మొక్క చెట్టగును! అందుచేతనే లోకమంతటికి ఒక్క పేరు కావలసివచ్చినది. తుమ్మికి 1809లో విల్డెనో పండితుడు ఫ్లోమిస్ ఆస్పెరా యని పేరిడెను. 1822లో లింక్ పండితుడు దానిని ల్యూకాస్ ఆస్పెరాగా మార్చెను. ల్యూకాస్ అనగా తెలుపు, ఆస్పెరా అనగా గరుకు. పూవును చూచి, ఆకును తాకినవానికి ఈ పేరు కంఠస్థము చేయ నక్కరలేదు.

మన పేర్లును శాస్త్రమునకు అక్కరకు వచ్చినవే. 18వ శతాబ్దము చివర సామర్లకోటలో నుండిన రాక్స్‌బర్గ్ దొర మొక్కల తెలుగు పేర్లను విచారించి వ్రాసికొనెను. సోమిద చెట్టు పేరు సోయిమిడాయై నేటికిని శాస్త్రగ్రంథములలో నిలిచియున్నది.

పెద్దలు చెప్పిన పేరును నిలుపుకొనుట మంచిది. చెప్పిన ప్రతి గుణమును పరీక్షింపక నమ్ముట మంచిది కాదు. తెలంగాణమున వినాయకచవితినాడు తుమ్మికూర వండుకొను ఆచారము గలదు, అది సంతోషింపదగినది. కాని పాముకాటునకు తుమ్మిరసము చాలునను నమ్మకము ప్రాణముమీదికి తెచ్చును. కాటు తగిలినవానిని క్షణమైన తడవుచేయక ఆసుపత్రికి చేర్చి, విషమునకు విరుగుడు సూదిమందు వేయింపవలెను.

కావున మా సూచన యిది. ప్రతి తరగతియు ఒక మొక్కల పుస్తకము ఉంచవలెను. ఒక్కొక్క పుటలో ఒక మొక్క బొమ్మను చూచి గీసి, దానిక్రింద తెలుగు పేరు, కన్నడము పేరు, శాస్త్రనామము వ్రాయవలెను. కన్నడము పేరును పొరుగు మిత్రుల నడుగుడు. శాస్త్రనామమును ఉపాధ్యాయుల నడుగుడు. తెలుగు పేరు మాత్రము మీ అవ్వయో, తాతయో చెప్పవలసినదే. ఆ పేర్లు పెక్కు పుస్తకములలో లేవు, వారి నోట నున్నవి. తల్లిదండ్రులారా, సెలవునాడు పిల్లలను పొలమునకు తీసికొనిపోయి, మీకు తెలిసిన పేర్లన్నియు చెప్పుడు. మొదటి పుటలో తుమ్మి యుండవలెనని మా కోరిక.