నేల ఎంత నీరు తాగుతోంది? భూసార కార్డులో లేని లెక్క

ఒకే వాన కురిసినా పక్కపక్కనున్న రెండు చేలలో ఫలితం ఒకేలా ఉండదు. ఒకదానిలో నీరు ఇంకుతుంది. మరొకదానిలో పైమట్టిని కోసుకుంటూ వాగులో కలుస్తుంది. 25 మిల్లీమీటర్ల వాన అంటే ఎకరానికి సుమారు లక్ష లీటర్ల నీరు. దేశంలోని సాగుభూమిలో దాదాపు సగం వర్షాధారమే కనుక, ఆ నీటిలో నేలకు దక్కేదెంత అన్నది కీలక ప్రశ్న. ప్రభుత్వం రైతుకు ఇచ్చే భూసార కార్డులో దానికి సమాధానం లేదు.

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన ఈ పథకం కింద 12 అంశాలను పరీక్షిస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకంతో పాటు అయిదు సూక్ష్మపోషకాలు, ఉదజని సూచిక, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం అందులో ఉన్నాయి. ఎరువుల మోతాదు నిర్ణయించడానికి ఇవి అవసరమే. అయితే ప్రయోగశాలలో మట్టిని ఆరబెట్టి, పొడిచేసి, జల్లించి పరీక్షిస్తారు. నీరు ఇంకడమన్నది మట్టిరేణువుల అమరికపైనా, వేళ్లూ వానపాములూ ఏర్పరచిన దారులపైనా ఆధారపడుతుంది. పొడిచేసిన మట్టిలో ఆ అమరిక మిగలదు. అందుకే ఈ పరీక్ష చేనులోనే జరగాలి.

పద్ధతి సులువైనదే. ఆరు అంగుళాల వ్యాసం గల లోహపు వలయాన్ని మూడు అంగుళాల లోతుకు దించి, అంగుళం ఎత్తు నీరు, అంటే సుమారు 450 మిల్లీలీటర్లు పోసి, ఇంకడానికి పట్టిన సమయాన్ని లెక్కిస్తారు. పొడినేల మొదటి నీటిని త్వరగా పీల్చుకుంటుంది కనుక రెండోసారి పోసిన నీటి లెక్కే నమ్మదగినది.

ఈ అంకెను చదవడంలో జాగ్రత్త అవసరం. ఇసుకనేలలో గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా నీరు ఇంకితే, బంకనేలలో అయిదు మిల్లీమీటర్లు దాటకపోవచ్చు. ఎండకు బీటలు వారిన నల్లరేగడి తొలివానను గటగటా తాగి, ఉబ్బిన తరువాత దాదాపు మూసుకుపోతుంది. కాబట్టి ఎర్రనేలను నల్లరేగడితో పోల్చరాదు. ఒకే రకం నేలల మధ్య, ఒకే చేనులో ఏటేటా వచ్చే మార్పును మాత్రమే పోల్చాలి.

చినుకుల తాకిడికి పైపొర అట్టకట్టడం, యంత్రాల బరువుకు అడుగున గట్టిపొర ఏర్పడటం, సేంద్రియ కర్బనం తగ్గడం నేల దాహశక్తిని హరిస్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఏడాది పొడవునా నేలను పంటలతో కప్పి ఉంచాలంటోంది. ఇటువంటి ప్రయత్నాలు ఏ మేరకు ఫలిస్తున్నాయో రైతు కళ్లెదుటే తేల్చగల కొలత ఇది. భూసార కార్డులో దీనికి ఒక గడి కేటాయిస్తే, ఎరువులకే పరిమితమైన నేల ఆరోగ్య చర్చ నీటి వైపూ మళ్లుతుంది.