రయట్ కాని మా తాత మీద రయట్ కేసు

పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో, మద్రాసు ప్రెసిడెన్సీ రైతువారీ విధానం మీద ఇంగ్లిషులో పేపర్ చదివాను. అయ్యాక వెనక వరసలోంచి ఓ మిత్రుడు లేచి, "ఇంతమంది రయట్లకు సర్కారే పట్టాలిచ్చిందా?" అన్నాడు. హాలంతా నవ్వు. ఇంగ్లిషులో రైతూ రయటే, అల్లరీ రయటే. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా, పలికితే అదీ లేదు.

నేనూ నవ్వాను. హాస్టల్‌కి వచ్చాక మా తాత గుర్తొచ్చాడు. ఆయన మొదటి రకం రయట్ ఎన్నడూ కాలేదు, సెంటు భూమి లేదు. రెండో రకం మాత్రం అయ్యాడు. పేట మీద పడి కొట్టినవాళ్ల మీద ఫిర్యాదు ఇద్దామని తలకు కట్టుతో స్టేషన్‌కి వెళ్తే, అవతలివాళ్ల కౌంటర్ కేసులో ఆయనే ముద్దాయి అయ్యాడు. దొమ్మీ కేసు. చట్టప్రకారం దొమ్మీకి కనీసం ఐదుగురుండాలి. "ఒకడు తక్కువైతే నన్ను కలిపార్రా" అనేవాడు తాత.

ఈ మాటకు వేషాలెన్నో. నవ్వించే సినిమా లాఫ్ రయట్. పూలతోట రయట్ ఆఫ్ కలర్స్. తెలుగులో అల్లరి అయితే మరీ ముద్దు. 1992లో 'అల్లరి మొగుడు', మరుసటి ఏడాది 'అల్లరి ప్రియుడు', 'అల్లరి అల్లుడు'. 2002లో వచ్చిన 'అల్లరి' ఓ హీరోకి ఇంటిపేరే అయిపోయింది. మా బడిలో మాత్రం ఊళ్లో పిల్లలు బెంచీ విరగ్గొడితే అల్లరి, పేట పిల్లలు విరగ్గొడితే రౌడీతనం.

ఆ ముద్దుమాటే బహువచనంలో పత్రికలకెక్కుతుంది. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ బయల్దేరిన గుంపు అమలాపురంలో దళిత మంత్రి ఇల్లు తగలబెట్టింది. హెడ్డింగుల్లో అది 'అమలాపురం అల్లర్లు'. ఎవరి పేరు చూసి ఎవరికి మండిందో ఆ రెండు మాటల్లో ఎక్కడా కనపడదు. ఊరిదే తప్పన్నట్టుంటుంది.

ఇక 'ఘర్షణ' మరీ పెద్దమనిషి. 1985లో కారంచేడులో ఆరుగురు దళితులను, 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపారు. వాటినీ ఘర్షణలనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వెంటాడి చంపి, శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేస్తే అందులో రెండో పక్షం ఎవరు? 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ చట్టం తన పేరులో ఈ మాటలేవీ పెట్టుకోలేదు. అత్యాచారాల నిరోధక చట్టం అంది. చేసినవాడు, పడినవాడు వేర్వేరని ఆ పేరే చెబుతుంది.

విలేకరి మిత్రులను అడిగేది ఒక్కటే. అల్లర్లు, ఘర్షణ అని రాసేముందు ఎవరు ఎవరిని కొట్టారో రాయండి. ఆ వాక్యం రాశాక పాత మాట అవసరం ఉందో లేదో మీకే తెలుస్తుంది.

నా థీసిస్‌లో నేనూ అదే చేస్తున్నాను. మా తాత కూలీ. ఆ రోజు పేట మీద జరిగింది దాడి.