పిల్లల కొత్త అద్దాలకు రెండు వారాలు ఇవ్వండి

జూన్‌లో బడి తెరిచాక ప్రతి క్లాసులో ఒకరిద్దరు కొత్త అద్దాలతో వస్తారు. ఆగస్టు నాటికి చూస్తే వాటిలో కొన్ని ముఖం మీద ఉండవు. అడిగితే "బ్యాగులో ఉన్నాయి సార్" అంటారు. బోర్డు మీద రాసింది మళ్లీ పక్కవాడి నోట్సులో చూసి ఎక్కించుకుంటుంటారు. మీరు డాక్టరు ఫీజు కట్టారు, అద్దాలు కొన్నారు. పని మాత్రం సగంలో ఆగింది.

ఎక్కడ ఆగిందో గమనించండి. సాధారణంగా మొదటి వారంలోనే.

"మా, నేల వంకరగా ఉంది", "తల నొప్పిగా ఉంది" అని పిల్లలు చెప్పేది సాకు కాదు. మైనస్ పవర్ అద్దాల్లో వస్తువులు కాస్త చిన్నగా కనిపిస్తాయి. సిలిండర్ పవర్ ఉంటే నేల వాలినట్టు, గడప వంగినట్టు ఉంటుంది. తల తిప్పితే కళ్లు ఎంత కదలాలో మెదడు దగ్గర పాత లెక్క ఉంది. కొత్త లెక్క కుదరడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. రోజూ పెట్టుకుంటేనే అది కుదురుతుంది. గంట పెట్టి మూడు గంటలు తీస్తే ప్రతిసారీ మొదటి రోజే. ఆ నాలుగు రోజులు మెట్లు దిగేటప్పుడు పట్టుకుని దిగమనండి. సైకిలు ఆపండి. పెనుకొండ కొండ ఎక్కే ఆలోచన ఉంటే తర్వాతి ఆదివారానికి పెట్టుకోండి.

ఇంట్లో పెద్దల మాట ఇక్కడే అడ్డొస్తుంది. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో తాత జరీ పోగు చూడటానికి అద్దాలు పెట్టి, వీధిలోకి వెళ్లేటప్పుడు తీసేస్తాడు. ఆయనది చత్వారం, దగ్గరిది కనపడదు. మనవడిది సైటు, దూరానిది కనపడదు. తాత అలవాటు చూసి "చదివేటప్పుడు పెట్టుకుంటే చాల్లే" అంటే వాడికి సరిగ్గా తిరగబడుతుంది. డాక్టరు ఎంతసేపు పెట్టుకోమన్నారో అదే లెక్క. అద్దాలు పెడితే నంబరు పెరుగుతుందన్నదీ నిజం కాదు. ఎదిగే వయసులో కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల నంబరు మారుతుంది. ఇక "ఆడపిల్లకు అద్దాలా, రేపు పెండ్లి ఎట్ల?" అనే అవ్వకు జవాబు మీరే చెప్పాలి, పాప చేత చెప్పించకండి.

అయితే ఓర్చుకోమని ఊరుకోవడం కూడా తప్పే. రెండు వారాలు దాటినా తలనొప్పి తగ్గకపోతే, ఒకటి రెండుగా కనిపిస్తే అంతకు ముందే, అద్దాలతో పాటు చీటీ తీసుకుని వెళ్లండి. చీటీలో రాసిన పవరే అద్దంలో ఉందా అని షాపులో మిషన్ మీద చూపించుకోవచ్చు. చుక్కల మందు వేసి పరీక్షించారా అనీ అడగండి. పిల్లలు కళ్లు బిగించి చూస్తారు కాబట్టి ఉత్త కంప్యూటర్ పరీక్షలో మైనస్ ఎక్కువ చూపించవచ్చు. మరొకటి, యూనిఫాం లాగా "పెరుగుతాడు కదా" అని పెద్ద ఫ్రేము కొనకండి. అది ముక్కు మీద జారితే అద్దం మధ్య భాగం కంటిపాపకు ఎదురుగా ఉండదు. సగం ఫిర్యాదులు అక్కడివేనని నా అనుమానం.

2019 అక్టోబర్ 10న అనంతపురంలో వైఎస్సార్ కంటి వెలుగు మొదలైనప్పుడు తొలి విడత బడిపిల్లలకే పెట్టారు. పరీక్ష బడిలో జరిగిపోతుంది. అలవాటు చేయడం మాత్రం ఏ పథకమూ చేయలేదు, ఇల్లూ క్లాసూ కలిసి చేయాలి. మా వైపు నుంచి జరగాల్సింది కూడా ఉంది. "సోడాబుడ్డి" అన్న మాట క్లాసులో వినిపిస్తే అక్కడికక్కడే ఆపాలి. ఆపలేదని పిల్లలు చెబితే మొహమాటపడకుండా డైరీలో రాయండి. కొత్త అద్దాలు వచ్చిన రోజూ రాయండి, ఆ రెండు వారాలు తీస్తున్నారేమో మేమూ చూస్తాం.

హిందూపురం వాళ్లకు లేపాక్షి పక్కనే కదా. రెండో వారం చివర్లో ఒకసారి తీసుకెళ్లి, మండపం కప్పు మీద బొమ్మలు చూపించండి. ఏమేం కనిపిస్తున్నాయో వాళ్లనే చెప్పమనండి.