కర్ణం అంటే భయమెందుకు?



మన హాస్టళ్లలో పదో తరగతి పిల్లలను ఎక్కువగా భయపెట్టేది లెక్కల పేపరే. "లెక్కలు మన తలకెక్కవు" అనే మాటను మనలో చాలామందిమి చిన్నప్పుడే నమ్మేశాం. అది అబద్ధమని చెప్పడానికి పైథాగరస్ సిద్ధాంతం ఒక్కటి చాలు.

లంబకోణ త్రిభుజంలో రెండు భుజాల వర్గాల మొత్తం కర్ణం వర్గానికి సమానం. ఇది అందరం గడగడా అప్పజెప్తాం. కానీ 13 అడుగుల నిచ్చెన మొదలు గోడకు 5 అడుగుల దూరంలో ఉంటే, పైకొన ఎంత ఎత్తులో ఆనుతుందని అడిగితే, చాలామంది 169కి 25 కలిపేస్తారు. జవాబు దాదాపు 14 అడుగులు వస్తుంది. పదమూడు అడుగుల నిచ్చెన పద్నాలుగు అడుగుల ఎత్తుకు ఎలా అందుతుంది? ఇక్కడ నిచ్చెనే కర్ణం, అడిగింది భుజం. అందుకే 169లోంచి 25 తీసేయాలి. మిగిలిన 144కు వర్గమూలం 12. లోపం పిల్లల తెలివిలో లేదు. బొమ్మ గీయించకుండా సూత్రం బట్టీ పట్టించడంలో ఉంది.

మనలో ఎందరి ఇళ్లలోనో తాపీ మేస్త్రీలు, కూలీలు ఉన్నారు. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మూల నుంచి ఒకవైపు 3 అడుగులు, మరోవైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెడతారు. ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు వస్తేనే మూల సరిగ్గా ఉన్నట్టు. 9, 16 కలిపితే 25. పుస్తకం దీన్నే సిద్ధాంత విపర్యయం అంటుంది. పైథాగరస్ క్రీ.పూ. 6వ శతాబ్దం వాడు. ఆయనకు వెయ్యేళ్లకు పైగా ముందే బాబిలోనియా మట్టిపలకల మీద ఇలాంటి సంఖ్యలున్నాయి. మన దేశపు బౌధాయన శుల్బసూత్రంలోనూ ఈ సంబంధం ఉంది. శుల్బం అంటే తాడే. కొలిచే చేతులకు ఈ లెక్క కొత్త కాదు.

మార్కులకు సూత్రం చాలదా అంటారు కొందరు. ప్రశ్న కాస్త తిరగేసి అడిగితే ఆ మార్కులూ దక్కవు. ట్యూషన్‌కు డబ్బులేని మనకు అర్థం చేసుకోవడమే అండ.

అందుకే మా కోరిక ఒక్కటే. మా ఇళ్లలో డిగ్రీ చదువు మాతోనే మొదలైంది. మాలాంటి పూర్వ విద్యార్థులందరం నెలకో ఆదివారం హాస్టల్‌కు వద్దాం. 12 సమాన భాగాలుగా ముడులేసిన ఒక తాడు తెద్దాం. ముగ్గురు తమ్ముళ్లు దాన్ని 3, 4, 5 భాగాలుగా బిగించి పట్టుకుంటే లంబకోణం వాళ్ల చేతుల్లోనే కనిపిస్తుంది. అలా చూసిన లెక్కకు ఎవరూ భయపడరు.