ప్యానెల్ శిక్షణ - కదలని క్రావడి



ఇక్కడ ఏమైనా వ్రాసి చాలాకాలమైంది. కోపం వస్తే తప్ప నా కలం కదలదని మా ఇంటావిడ ఆరోపణ. మొన్న ఒక పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నపుడు ఆ కోపం రానే వచ్చింది. పక్కనున్న పెద్దమనిషి, ఆయనా విశ్రాంత ఉద్యోగియే, పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "గదిగదికీ అంతంత ఖరీదైన ప్యానెళ్ళు పెట్టించారు. శిక్షణ కూడా ఇచ్చారు. అయినా మీవాళ్ళు వాటిని తాకరు" అన్నాడు. మీవాళ్ళు అంటే ఉపాధ్యాయులు. శుభకార్యం కదా అని అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోనక్కరలేదు.

ఆయన చెప్పినవి 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఆరవ తరగతి మొదలుకొని పై తరగతుల గదుల్లో బిగించటం ఆరంభించిన పెద్ద తెరలు. మొదటి విడతలోనే ముప్పై వేల పైచిలుకు. వ్రేలితో వ్రాయవచ్చు, అరచేతితో తుడవవచ్చు, వ్రాసినదాన్ని దాచి మరునాడు మళ్ళీ చూపవచ్చు. వీటికి "స్పర్శఫలకం" అని నేనొక మాట కూర్చి ఉపాధ్యాయ మిత్రులకు పంచిపెట్టాను. ఒక్కరూ వాడలేదు. కనుక నేనూ ప్యానెల్ అనే అంటాను.

పరికరంతో నాకు పేచీ లేదు. "శిక్షణ కూడా ఇచ్చారు" అన్న మాటతోనే పేచీ. ఆ శిక్షణను నేను కళ్ళారా చూశాను.

నేను 2021లో పదవీ విరమణ చేశాను. ప్యానెళ్ళు వచ్చిన కొత్తలో నా పూర్వవిద్యార్థిని, నేడు ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్న అమ్మాయి, "మాస్టారూ, ఇలాంటివంటే మీకు ఆసక్తి కదా, వచ్చి వెనక బల్ల మీద కూర్చోండి" అని పిలిచింది. వెళ్ళాను. అరవైమందికి పైగా ఉపాధ్యాయులు, ఒక ప్యానెల్, ఒక యువకుడు. ఆ యువకుణ్ణి తప్పు పట్టను, తనకు తెలిసినది చక్కగానే చెప్పాడు. ఇది మీట, ఇది కలం, ఇవి రంగులు, తెరను రెండుగా చీల్చటం ఇలా, పెన్‌డ్రైవ్ పెట్టే చోటు ఇది. తరువాత సౌరకుటుంబం గిరగిర తిరిగింది. గుండె కొట్టుకుంది. కప్ప తన జీవితచక్రాన్ని ముగించుకుంది. అరవైమందిలో ప్యానెల్‌ను తాకినవారు ఏడుగురో ఎనమండుగురో. మధ్యాహ్నం ఛాయాచిత్రం, సంతకాలు.

చివరలో మా అమ్మాయి లేచి, "సార్, తొమ్మిదో తరగతికి ఛందస్సు చెప్పాలి. దీనిమీద ఎలా చెప్పమంటారు?" అని అడిగింది.

"యూట్యూబ్‌లో వెతకండి మేడమ్, ఏదో ఒకటి ఉంటుంది."

నా కోపమంతా ఈ ఒక్క వాక్యం మీద. ఆ అబ్బాయి మీద కాదు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషిని ఆ గదిలోకి పంపాలని ఎవరికీ తోచకపోవటం మీద. ఆ ప్యానెల్ మీద అక్షరం ఎలా పలకాలో తెలిసినవాడు, అంటే తరగతిలో గణవిభజన చేసి చేసి చేతులకు సుద్ద పట్టినవాడు, శిక్షకుడుగా రావద్దా?

తరువాతి రెండు మూడు శనివారాలు, బడి విడిచాక, మేమిద్దరం ఆమె తరగతిలో కుస్తీ పట్టాము. మొదట ఆమె ఇంట్లో టైపు చేసి దాచుకున్న ప్రశ్నల కట్ట తెరిచాము. తెర నిండా పిచ్చి గీతలు! అవి అను ఖతులలో చేసినవి. మనలో 2006, 2007 నాటివారికి ఈ జబ్బు కొత్తది కాదు. శిక్షణలో మాత్రం యూనికోడ్ అన్న మాట ఒక్కసారీ వినబడలేదు. సరే, అంతా లేఖినిలో మళ్ళీ కొట్టుకున్నాము.

ఇక అసలు పాఠం. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు, ఇది పిల్లలు చిలకల్లా అప్పజెబుతారు. కాని "అది క్రమము" అన్నపుడు "ది" లఘువుగానే ఉంటుంది, రెండూ వేరు పదాలు కనుక. "దినక్రమము" అన్నపుడు "న" గురువవుతుంది, అది సమాసం కనుక. ముప్పై అయిదేళ్ళు నల్లబల్ల మీద దీన్ని చెరిపి, వ్రాసి, మళ్ళీ చెరిపి చెప్పాను. ఏటా సగం తరగతికి అర్థం కాలేదు. ప్యానెల్ మీద "క్రమము" అన్న మాటను వ్రేలితో పట్టుకొని "అది" పక్కనుంచి లాక్కువచ్చి "దిన" పక్కన చేర్చవచ్చు. చేరిన క్షణంలో "న" నెత్తిన గీత పోయి గురుచిహ్నం పెట్టాలి. ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు? దీనికోసమే ఈ యంత్రం పుట్టిందా అనిపించింది నాకు.

మొదటిసారి పిల్లల ముందు లాగినపుడు మాత్రం "కమము" ఒక్కటే కదిలి వచ్చింది. మాట చుట్టూ గీసిన గీతలో క్రావడి పడలేదు, అది "అది" పక్కనే ఒంటరిగా మిగిలిపోయింది. తరగతి గొల్లుమంది. మా అమ్మాయి ముఖం ఎర్రబడింది. అంతలో ఒక పిల్లవాడు, "టీచర్, క్రావడి రాలేదు కాబట్టి 'న' లఘువే కదా!" అన్నాడు. నేను వెనక బల్ల మీద నుంచి లేచి నిలుచున్నాను. నా సర్వీసులో ఆ మాట ఒక్క పిల్లవాడి నోట వినలేదు.

చుట్టుగీత కాస్త పెద్దదిగా గీయాలని ఆ పూట మాకు తెలిసింది. శిక్షణ అని నేను దీన్ని అంటాను. తప్పు జరగాలి, ఆ తప్పు తన సొంత పాఠంలో జరగాలి, పక్కన అదే పాఠం తెలిసినవారు ఒకరుండాలి, వారం తరువాత మళ్ళీ చేయటానికి వీలుండాలి. ఆలోచించండి, మనం తెలుగు టైపు ఎలా నేర్చుకున్నాము? విండోస్ ఎక్స్‌పీ సీడీ వెతికి భారతీయ భాషల దన్ను ఎక్కించుకోవటం మనకు ఏ కార్యశాలలోనూ నేర్పలేదు. "నాకు డబ్బాలు కనబడుతున్నాయి" అని అర్ధరాత్రి మొరపెట్టుకుంటే తెల్లవారేసరికి ఎవరో ఒకరు బదులిచ్చారు.

శిక్షణ గంటల లెక్కకు లోటు లేదు. 2020 జాతీయ విద్యావిధానం ఉపాధ్యాయుడికి ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలన్నది. 2019లో నిష్ఠ కార్యక్రమం సుమారు 42 లక్షలమంది లక్ష్యంగా మొదలై, మహమ్మారి కాలంలో అంతర్జాలానికి మారింది. నేనూ చేశాను. నిజం చెప్పాలి, వీడియోను దాని మానాన వదిలి వరండాలో కాఫీ త్రాగిన సందర్భాలున్నాయి. ధ్రువపత్రం మాత్రం నిక్షేపంగా వచ్చింది. కనుక ఇతరులకు సుద్దులు చెప్పే యోగ్యత నాకెంతవరకు ఉందో మీరే తేల్చండి.

మనకంటే ముందు ఈ దారి నడిచినవారున్నారు. 2003-04లో లండన్ మాధ్యమిక పాఠశాలల్లో ఇంగ్లీషు, గణితం, విజ్ఞానశాస్త్ర విభాగాలకు ఇలాంటి బల్లలు ఇచ్చారు. లండన్ విద్యాసంస్థ పరిశోధకులు 2007లో నివేదిక వెలువరించారు. బల్లల వాడకం పెరిగింది, మొదటి ఏడాది పిల్లల ఫలితాలలో మాత్రం తేడా కనబడలేదు. కొన్నిచోట్ల, ముఖ్యంగా వెనుకబడిన పిల్లలతో, ఒక్కొక్కరినే బల్ల దగ్గరకు పిలవటం వల్ల తరగతి నడక మందగించింది కూడా. ఒకడు తాకుతుంటే నలభైమంది చూస్తూ కూర్చోవటమన్నమాట. మన శిక్షణలో "పిల్లల్ని పిలిచి తాకించండి" అన్నదే ముఖ్యమైన సలహా!

ఇంకొక మాట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1987లో, ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. మా ఆవరణలోని ప్రాథమిక పాఠశాలకు పెట్టెలనిండా బోధనోపకరణాలు వచ్చాయి. అవి బీరువాలోకి వెళ్ళి తాళం వేసుకున్నాయి. పగిలితే జీతంలోంచి కోత పడుతుందన్న భయం. ప్యానెల్ గదికి కూడా చాలాచోట్ల అదే తాళం. పిల్లవాడి చేయి తగిలి తెర పగిలితే ఎవరు కట్టాలి? నేను వెళ్ళిన శిక్షణలో దీన్ని ఎవరూ ఎత్తలేదు, ఎత్తి ఉంటే గది మొత్తం మేలుకొని ఉండేది. "తాకరు" అని నింద వేసే పెద్దమనుషులు, "పగిలినా నిన్ను అడగము" అని ముందు ఒక కాగితం వ్రాసి ఇప్పించండి.

నా వయసు పండితులతోనూ తగవు ఉంది నాకు. "సుద్దముక్క చాలదా" అని వారు అడుగుతారు. సుద్దముక్కతో నేను ఓడిపోయిన పాఠం పైన చెప్పాను. ఇంట్లో కూర్చొని నిట్టూర్చే బదులు దగ్గరి బడికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చోవచ్చు. ప్రధానోపాధ్యాయులు వద్దనరు, మనకేమీ భత్యం ఇవ్వనక్కరలేదు కదా.

వచ్చే శనివారం మా అమ్మాయి యతిమైత్రి మొదలుపెడతానన్నది. స్వరమైత్రి జంటలను రంగులలో చూపాలని మా ఊహ. మిత్రులలో ఎవరి వద్దనైనా అటువంటి పదాల జాబితా యూనికోడ్‌లో ఉంటే పంపండి. అను ఖతుల్లో ఉన్నది దయచేసి వద్దు.