పది కొమ్ముల లెక్క

బిచ్కుంద ఎక్కడ... హార్‌మెగిద్దోను ఎక్కడ! మొదటిది మహారాష్ట్ర, కర్ణాటకల పొలిమేరకు దగ్గర్లో ఉన్న మన మండల కేంద్రం. రెండోది లోకాంతాన రాజులంతా యుద్ధానికి పోగవుతారని బైబిల్లోని ప్రకటన గ్రంథం చెప్పే చోటు. ఇజ్రాయెల్‌లోని మెగిద్దోయే అదంటారు. రెంటి మధ్యా ఓ సముద్రం, బోలెడంత ఎడారి. అయినా, గల్ఫ్‌లో సైరన్ మోగిన రాత్రి కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో చాలా ఇళ్లకు నిద్ర ఉండదు. 'అంత్యదినాలు వచ్చేశాయట కదా' అన్న మాట బయల్దేరేది అలాంటి రాత్రుల్లోనే!

ఆ మాటకు ఈమధ్య కొత్త ఊతం దొరికింది. 2025 జనవరిలో ఇండొనేషియా చేరడంతో బ్రిక్స్ కూటమిలో సభ్యదేశాలు పదయ్యాయి. (సౌదీ అరేబియా ఉన్నట్టా లేనట్టా అన్నది తేలలేదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం.) బైబిల్ జోస్యాలు వివరించే వాళ్లకి పది అంటే మామూలు అంకె కాదు. దానియేలు గ్రంథం ఏడో అధ్యాయంలో నాలుగో మృగానికి పది కొమ్ములుంటాయి. అవి పదిమంది రాజులని అక్కడే చెబుతుంది. ప్రకటన గ్రంథం పదమూడో అధ్యాయంలో సముద్రంలోంచి లేచే మృగానికీ పదే. ఇంకేం... బ్రిక్సే ఆ మృగం! ఈసారి చిక్కేమిటంటే ఆ పదింట్లో మన దేశమూ ఉంది. ఆ కొమ్ముల్లో మనదీ ఒకటని చెప్పాలంటే ఏ సండేస్కూలు మాస్టారైనా కాస్త తటపటాయించాల్సిందే.

నిజానికి ఈ కొమ్ములు చాలాకాలంగా దేశదేశాలూ తిరుగుతున్నాయి. 1957లో ఆరు దేశాలు కలిసి ఐరోపా ఆర్థిక సమాజాన్ని పెట్టుకున్నాయి. సంతకాలు చేసింది ఎక్కడ? సాక్షాత్తూ రోమ్‌లో! నాలుగో మృగం రోమ్ సామ్రాజ్యమేనని నమ్మేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి! 1970లో అమెరికా రచయిత హాల్ లిండ్సే 'ద లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్' అనే పుస్తకంలో ఇదే వాదన చేస్తే అది లక్షల్లో అమ్ముడుపోయింది. 1973కి సభ్యులు తొమ్మిదయ్యారు. 1981 జనవరి 1న గ్రీసు చేరింది. పది! లెక్క అచ్చంగా సరిపోయింది. అయిదేళ్లు తిరిగాయో లేదో స్పెయిన్, పోర్చుగల్ వచ్చి పన్నెండు చేసేశాయి. 1995లో 15, 2004లో 25, ఒక దశలో 28. బ్రిటన్ 2020లో బయటికి వెళ్లాక 27. కొందరు అప్పటికే పశ్చిమ ఐరోపా యూనియన్ అనే రక్షణ కూటమి వైపు చూపు తిప్పారు. దాంట్లో పూర్తిస్థాయి సభ్యులు సరిగ్గా పది. అది కాస్తా 2011లో మూతపడింది.

ఇది క్రైస్తవులకే ఉన్న అలవాటని ఎవరైనా నవ్వితే మాత్రం తప్పు. ఏ వింత జరిగినా 'బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు' అనుకోని తెలుగిల్లు ఉందా? జరిగిపోయాక వెనక్కి తిరిగి వెతుక్కుంటే కాలజ్ఞానంలో దొరకనిది ఉండదు.

కొమ్ముల తర్వాత అంత ప్రచారమున్నది యెహెజ్కేలు గ్రంథం 38వ అధ్యాయం. మాగోగు దేశపు గోగు ఉత్తర దిక్కు నుంచి ఇజ్రాయెల్ మీదికి దండెత్తుతాడు. వెంట పారసీకులు, కూషీయులు, తోగర్మా వాళ్లు. పారసీకమంటే ఇరాన్. అందులో పేచీ లేదు. మెషెకు అంటే మాస్కో అనీ, తుబాలు అంటే సైబీరియాలోని తొబోల్స్క్ అనీ చెప్పేదగ్గరే తిరకాసు. మాస్కోకు ఆ పేరు మాస్క్వా నది వల్ల వచ్చింది, తొబోల్స్క్‌కు తొబోల్ నది వల్ల. అసలా ఊరు పుట్టిందే 1587లో. మెషెకు, తుబాలు ఇప్పటి తుర్కియే నేలమీద ఉండేవని చరిత్రకారులంటారు. పైగా ఆ తుర్కియే 1952 నుంచీ అమెరికాతో పాటు నాటోలో ఉంది. ఇరాన్ సంగతి ఇంకా విచిత్రం. 1979 దాకా, అంటే షా పాలన ఉన్నన్నాళ్లూ, ఇజ్రాయెల్‌కు అది మిత్రదేశం.

2017లో రష్యా, ఇరాన్, తుర్కియే సిరియా విషయమై అస్తానాలో ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. 'గోగు కూటమి సిద్ధం' అన్నారు. 2024 డిసెంబరులో సిరియాలో అసద్ ప్రభుత్వం కూలింది. తుర్కియే వెనకేసుకొచ్చిన వాళ్లు గెలిచారు, ఇరాన్ బలగాలు తట్టాబుట్టా సర్దుకున్నాయి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌లు పన్నెండు రోజులు కొట్టుకుంటే రష్యా గానీ తుర్కియే గానీ ఇరాన్ తరఫున యుద్ధంలోకి దిగలేదు. ఇక మనమంటారా? షాంఘై సహకార సంస్థలో రష్యా, ఇరాన్‌ల పక్కన ఉన్నాం. ఐటూయూటూలో ఇజ్రాయెల్, అమెరికా, యూఏఈల పక్కనా ఉన్నాం. ఇంతకీ బైబిల్లో మన దేశం పేరు కనిపించేది ఎస్తేరు గ్రంథంలో. అదీ జోస్యం కాదు, అహష్వేరోషు రాజ్యానికి సరిహద్దు చెప్పే సందర్భం.

ఈ తరహా వివరణ మన దగ్గరికి నిన్నగాక మొన్న యూట్యూబ్‌తో వచ్చిందేమీ కాదు. దీనికి రూపమిచ్చిన వాళ్లలో ముఖ్యుడు జాన్ నెల్సన్ డార్బీ. ఆయన బ్రదరెన్ ఉద్యమ నాయకుల్లో ఒకరు. ఆ ఉద్యమానికే చెందిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు 1836లోనే వచ్చి నరసాపురంలో స్థిరపడ్డారు.

మరో ముచ్చట. మన ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉన్నప్పుడు హైదరాబాద్ లాన్సర్స్ అనే గుర్రపు దళం మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లింది. 1918 సెప్టెంబరులో బ్రిటిష్ సేనాని అలెన్‌బీ తుర్కులను ఓడించిన మెగిద్దో యుద్ధంలో ఆ దళమూ ఉంది. అవును, ఆ మెగిద్దోనే! అలెన్‌బీ తన బిరుదులో ఆ ఊరి పేరు కూడా పెట్టించుకున్నాడు. లోకం అంతం కాలేదు గానీ నాలుగేళ్లకు ఒట్టోమన్ సామ్రాజ్యం అంతమైంది. అవే రోజుల్లో మెదక్‌లో పోస్నెట్ దొర కరువు జనానికి పని చూపిస్తూ చర్చి కట్టిస్తున్నారు. 1914లో మొదలుపెట్టిన పని 1924 క్రిస్మస్ నాటికి పూర్తయింది. లోకాంతం గురించిన పుకార్లు ఎన్ని వచ్చినా అక్కడ రాయి మీద రాయి పేరుస్తూనే పోయారు.

అమెరికాలో విలియం మిల్లర్ అనే ఆయన అనుచరులు దీనికి పూర్తిగా విరుద్ధం. 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని గట్టిగా నమ్మి కొందరు పంట కూడా కోయకుండా పొలాల్లోనే వదిలేశారు. ఆ రోజూ నిర్ణయించేవాళ్లు మత్తయి సువార్త 24వ అధ్యాయం, 36వ వచనం దగ్గర ఎందుకు ఆగరో నాకు అర్థం కాదు. ఆ దినం, ఆ గడియ దేవదూతలకు కూడా తెలియదని అందులో స్పష్టంగానే ఉంది.

దూరాన ఉన్న వాళ్లకి ఇవన్నీ పటం మీద గీతలు. ఇక్కడి ఇళ్లలో అవి కొడుకుల చిరునామాలు. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైనప్పుడు ఇజ్రాయెల్‌లో దాదాపు 18 వేలమంది భారతీయులున్నారు. వాళ్లలో చాలామంది ముసలివాళ్లను చూసుకునే పనివాళ్లు, తెలుగువాళ్లూ తక్కువేం లేరు. 2025 జూన్ 23 రాత్రి ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అమెరికా స్థావరం వైపు వెళ్లాయి. గగనతలం మూసేశారు. గల్ఫ్‌లో విమానాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కొన్ని గంటలకు మళ్లీ తెరిచారు. అలాంటి రాత్రి ఇక్కడి నుంచి ఫోన్ చేసే తల్లి గోగు గురించి అడగదు. "తిన్నవా బిడ్డా? డ్యూటీకి పొమ్మంటున్నరా? పాస్‌పోర్టు నీ దగ్గర్నే ఉందా, సేటు దగ్గరుందా?" అని అడుగుతుంది.