విద్యాదానము నిలుచు విధము



సంగారెడ్డి మొదలుకొని పటాన్‌చెరు వఱకు ప్రయాణము చేయువారికి ఎన్నియో కర్మాగారములు కానవచ్చును. మందులు, యంత్రభాగములు మొదలగునవి అచట తయారగుచున్నవి. మన బాలబాలికలలో ననేకుల తండ్రులు అందు పనిచేయువారే. ఇట్టిచోట ధనము లేదని యెవ్వరును చెప్పజాలరు. ఆ ధనములో విద్యకు వచ్చు భాగమును ఏ విధముగా వినియోగింపవలెనో ఆలోచించుట మన విధి.

2013వ సంవత్సరపు కంపెనీల చట్టము ననుసరించి, ఏటికి 5 కోట్ల రూపాయలు గాని అంతకు మించిగాని నికరలాభము గల కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 రూపాయలకు తక్కువగాకుండ లోకోపకారమునకు వ్యయపఱుపవలయును. విద్య, సంస్కృతి, ప్రజాగ్రంథాలయములు ఆ పట్టికలో చేరియున్నవి. తమ పరిసర ప్రాంతములకు ప్రాధాన్య మియ్యవలయునని కూడ నందు గలదు. కావున మన మడుగుట యాచన గాదు.

అయినను, విద్యాదాన మనగానే గది కట్టించి గోడకు శిలాఫలకము నమర్చుట మన కలవాటైనది. గది యవసరమే. కాని పుస్తకములు లేని గదియు, పుస్తకము లుండియు తాళము తీయువాడు లేని గదియు ఎవరి కుపకరించును? అమెరికా ధనికుడు ఆండ్రూ కార్నెగీ ఈ చిక్కు నెఱిగినవాడు. ఆయన ధనముతో లోకమున 2,509 గ్రంథాలయములు వెలసినవి. భవనమునకు ఆయన సొమ్మిచ్చెడివాడు. స్థలమును, ఏటేట నిర్వహణమునకై ఆ సొమ్ములో పదియవవంతును ఊరివారు సమకూర్చవలెనని ఆయన సాధారణ నియమము.

మన తెలంగాణమున నింతకంటె దగ్గఱి దృష్టాంతము కలదు. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి గృహముననే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు మున్నగువారు తోడ్పడిరి. ఉర్దూ రాజభాషగా నున్న ఆ రాజ్యమున తెలుగు చదువరులకు అది యాశ్రయ మయ్యెను. సొంత భవనము తరువాత వచ్చినది. 1906లో లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రలను శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరింపజేసిరి. ఒకరు చోటు, ఒకరు ధనము, ఒకరు పాండిత్యము నిచ్చినందుననే ఆ పని సాగినది.

కావున నా మనవి యిది. మన ప్రాంతపు కంపెనీలు గదులతో తృప్తిచెందక, ఒక్కొక్క పఠనమందిరమునకు పదియేండ్ల పుస్తకముల వ్యయమును, గ్రంథపాలకుని జీతమును భరింపవలెను. సాయంకాలము పని ముగించిన తండ్రియు, ఇంట చదువుకొన చోటులేని బిడ్డయు అచట కూర్చుండగలుగవలెను. పదవతరగతి ముగియగానే పనికి పోవు బాలునికి బడి తలుపు మూసికొనును. గ్రంథాలయపు తలుపు తెఱచియే యుండవలెను.

తల్లిదండ్రులారా, మీరు పనిచేయు చోట ఈ మాట నడుగుడు. వారానికి ఒకపూట ఆ మందిరమును కనిపెట్టుకొనుటకు మీలో కొందఱు ముందుకు రండు. విద్యార్థులారా, పుస్తకములు వచ్చిననాడు వాటిపై దుమ్ము పడనీయకుండుట మీ వంతు.